ఎడమ చెంపకు ఎర్రగుడ్డు

మా అత్త దృష్టిలో నేను దొంగను. దొంగసొత్తు చెర్రీపళ్ళు. సాక్ష్యం నా కూతురి మొహం.

కడుపుతో ఉన్న మనిషి ఏదైనా దొంగిలించి, ఆ చేత్తోనే ఒళ్ళు తడుముకుంటే, సరిగ్గా అక్కడే బిడ్డకు ఆ వస్తువు మచ్చయి దిగుతుందని మా క్యుస్తెందిల్ పల్లెల్లో ఇప్పటికీ అంటారు. నవ్వుతూ అనేవాళ్ళు కొందరు, నవ్వకుండా అనేవాళ్ళు కొందరు. నా కూతురు జోరా ఎడమ కణత నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చతో పుట్టింది. నర్సు బిడ్డను తెచ్చి చూపించగానే మా అత్త స్తోయ్నా దుప్పటి తొలగించి చూసింది, నా వైపు తిరిగింది, అడిగిన మొదటి మాట "ఎవరి చెట్టువి?" అని.

నేను దొంగిలించలేదు. పక్కింటి గెరాసిమ్ తాత తనే కొమ్మ వంచి నా దోసిట్లో పోశాడు. "కడుపుతో ఉన్నదానికి కాదనకూడదు, తినవే ఇస్క్రా" అన్నాడు. నేను గోడ దగ్గరే నిలబడి మూతి ఎర్రబడేదాకా తిన్నాను. జోరా పుట్టక ముందే ఆయన చనిపోయాడు. నాకున్న ఒక్క సాక్షీ అలా పోయాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు "ఆయనే ఇచ్చాడు" అని నేను అంటూనే ఉన్నాను, "ఇచ్చే ఉంటాడులే" అని అత్త కళ్ళు తిప్పుకుంటూనే ఉంది. ఊరు ఊరంతా ఆవిడ మాటే నమ్మింది.

అలాగని మనవరాలి మీద ప్రేమ లేదా అంటే, ఉంది. కానీ ఆ ప్రేమ కూడా కుడివైపుకే. ఈస్టర్‌కు ముందు గురువారం తెల్లవారుజామున మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మొదటి గుడ్డుకు ఎర్రరంగు వేస్తారు. వేడి వేడిగా ఉన్న ఆ గుడ్డుతో పిల్లల నుదురూ రెండు చెంపలూ రుద్దుతారు, ఏడాదంతా ఆరోగ్యంగా ఎర్రగా ఉండాలని. అత్త జోరాకు నుదురు రుద్దేది, కుడి చెంప రుద్దేది, అక్కడితో ఆపేసేది. ఎడమ చెంపను ఏనాడూ ముట్టుకోలేదు. మార్చి ఒకటిన ఊళ్ళో పిల్లలందరి చేతులకూ ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కడితే, జోరాకు మాత్రం ఉత్త తెల్లదారం కట్టేది. అది చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. దొంగ కూతురన్న ముద్ర మణికట్టు మీద కూడా ఉండాలన్నమాట అనుకునేదాన్ని.

జోరాకు బడి ఆఖరి సంవత్సరం వచ్చింది. చదువు ముగించిన పిల్లలకు మే నెలలో పెద్ద విందు ఉంటుంది. దాన్ని మేం బాల్ అంటాం. ఆ సాయంత్రం పిల్లను ఇంటి నుంచి సాగనంపడం పెళ్ళికి ఏమాత్రం తీసిపోదు. డోలు, సన్నాయి, బంధువులు, వాకిట్లో బల్లలు, అన్నీ ఉంటాయి. ఆ డిసెంబరులో నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా జోరా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, బాల్‌కి నేను జుట్టు పైకి ముడేసుకుంటాను."

అంతే అంది, వెళ్ళిపోయింది. మీకు అందులో ఏమీ కనిపించకపోవచ్చు. నా కూతురు పదేళ్ళ వయసు నుంచి జుట్టును ఎడమవైపు తెరలా వేసుకుని తిరిగింది. గాలి వచ్చే దిక్కు చూసుకుని నడిచేది. ఫోటోలన్నిట్లో కుడివైపే ఉంది. నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది, సూది విరిగింది. ఆ రోజు మొదలు చెర్రీలు పండేదాకా నాకు కాలు ఒకచోట నిలవలేదు.

చిన్నప్పుడు చూపిస్తే మా డాక్టరు "పెద్దయ్యాక చూద్దాం" అన్నాడు. అది పెద్దదవుతూనే ఉంది, మేం చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు రాజధాని సోఫియాలో లేజరుతో చేస్తున్నారని కుట్టుపనికి వెళ్ళేచోట ఎవరో చెప్పగా విన్నాను. మా ఆయన అసెన్ లారీ తోలుతూ ఎక్కడో జర్మనీ రోడ్ల మీద ఉన్నాడు. ఫోన్ చేసి చెప్పాను. "చేయించు" అన్నాడు. "మీ అమ్మ ఏమంటుందో?" అన్నాను. "ఆ చెంప మా అమ్మదా, నీదా? జోరాది కదా చెంప" అన్నాడు. ఆ మనిషి నెలకొక్కసారి తెలివైన మాట అంటాడు, ఆ నెలది అది.

జనవరిలో వెళ్ళాం. డాక్టరమ్మ నా వయసుదే, చిన్నగా కత్తిరించిన జుట్టు, తొందర తొందరగా మాట్లాడే మనిషి. జోరా జుట్టు తొలగించి, దీపం దగ్గరకు లాగి, వేలితో నొక్కి చూసింది. నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది.

"ఈ యంత్రంలోంచి వచ్చే వెలుగుకు ఎరుపొక్కటే దొరుకుతుంది. చర్మాన్ని దాటుకుని పోయి రక్తనాళంలో ఉన్న ఎరుపును పట్టుకుంటుంది. అక్కడ వేడెక్కి నాళం మూసుకుపోతుంది. మూసుకుపోయినదాన్ని ఒళ్ళు తనే మెల్లగా ఊడ్చేసుకుంటుంది. అర్థమైందా?"

"మొత్తం పోతుందా?" అన్నాను.

"పలచబడుతుంది. మొత్తం పోతుందని మాటివ్వను. ఎండలో తిప్పకండి. కమిలిన చర్మమైతే వెలుగు పైనే ఆగిపోయి కాలుస్తుంది. చేయించుకున్నాక కొన్నాళ్ళు ఊదారంగులో భయంకరంగా ఉంటుంది. రుద్దకూడదు, గోకకూడదు, రంగులు పూయకూడదు. ఎవరైనా ముట్టుకోవడానికి వస్తే చెయ్యి విరగ్గొట్టండి."

జోరా కళ్ళకు ఇనప గిన్నెల్లాంటి అద్దాలు కట్టారు. నాకూ ముదురు కళ్ళద్దాలు ఇచ్చారు. చల్లటి గాలి ఒకసారి చిమ్ముతుంది, వెంటనే టక్కుమని వెలుగు. మళ్ళీ గాలి, మళ్ళీ టక్కు. మాడిన వెంట్రుకల వాసన వచ్చింది. రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టుందని జోరా పళ్ళ బిగువున చెప్పింది. ఒక్కో దెబ్బకూ చెంప మీద నాణెమంత ఊదారంగు గుండ్రం తేలుతోంది. నేను కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచాను. "మీరు బయట తిరగండమ్మా, నాకు గురి తప్పుతోంది" అంది డాక్టరమ్మ.

ఇంటికి వచ్చేసరికి అత్త పొయ్యి ముందు ఉంది. మనవరాలిని చూసి శిలువ గుర్తు వేసుకుంది.

"ఎర్రదాన్ని నల్లది చేయించుకొచ్చారా? దీనికోసం అంత దూరం పోయారా?"

"తగ్గుతుంది అత్తా. ముందు ఇలాగే ఉంటుందట."

"కొట్టినవాళ్ళందరూ అదే చెబుతారు, తగ్గుతుందని" అని గరిట విసురుగా గిన్నెలో పెట్టింది.

కానీ తగ్గింది. ఊదారంగు ఆకుపచ్చై, పసుపై, పోయాక చూస్తే కణత దగ్గర మామూలు చర్మం ఉంది. రెండు వేళ్ళ మేర. జోరా రోజూ కిటికీ దగ్గర చేతి అద్దం పెట్టుకుని అక్కడే చూసుకునేది. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మా, ఇక్కడ నాకో పుట్టుమచ్చ ఉంది, చూశావా? ఇన్నాళ్ళూ ఎరుపు కింద దాక్కుంది" అంది. చిన్న నల్లటి చుక్క. పద్దెనిమిదేళ్ళ తర్వాత దొరికింది. నేను వెళ్ళి కోళ్ళ గూటి దగ్గర నిలబడి ఏడ్చాను.

రెండోసారి మార్చి మొదట్లో. ఈసారి అత్తను కూడా బయల్దేరదీశాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు చూపిస్తానని చెప్పాను, అది కూడా నిజమే. కానీ నా అసలు పని వేరే. పళ్ళ వల్ల మచ్చ రాదని డాక్టరు నోటితో చెబితే అత్త తన చెవులతో వినాలి. కూతురి చెంప మీద మచ్చ పోవాలి, నా పేరు మీద మచ్చ కూడా పోవాలి. రెండూ ఒకే వసంతంలో పోవాలని పట్టుబట్టి కూర్చున్నాను.

బయట బెంచీ మీద మా పక్కన ఒక యువకుడున్నాడు. మెడ నుంచి భుజం దాకా చర్మం ముద్దకట్టి ఉంది. అత్త అతన్ని ఎగాదిగా చూసింది.

"మీ అమ్మ ఏం దొంగిలించింది నాయనా?"

"అత్తా!" అన్నాను.

అతను నవ్వాడు. "మా అమ్మ మంచిదే బామ్మా. నాకు పిండివంటల కొట్టుంది. కాగిన నూనె మీద పడింది."

"మరి అది కూడా ఈ వెలుగుతోనే పోతుందా?"

"నాది వేరే లేజరు. దీనికి ఎరుపుతో పనిలేదు. గట్టిపడిన చర్మంలో సూదిమొనంత కన్నాలు వేస్తుంది, వందల్లో. ఆ కన్నాలు పూడ్చుకోవడానికి ఒళ్ళు కొత్త చర్మం తెచ్చుకుంటుంది. మొన్నటిదాకా మెడ తిప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చూడండి" అని అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"కన్నాలు వేస్తే దొంగే కదా" అంది అత్త. అతనితో పాటు జోరా కూడా నవ్వింది.

లోపలికి వెళ్ళాక నేను ఆగలేదు. "డాక్టరుగారూ, ఇది ఎందుకొస్తుందో మా అత్తగారికి కాస్త చెప్పండి" అన్నాను.

"కడుపులో ఉన్నప్పుడే అక్కడి సన్నటి నాళాలకు ముడుచుకోమని చెప్పే నరాలు సరిగ్గా తయారవ్వవు బామ్మగారూ. నాళాలు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి, రక్తం నిలిచి ఎర్రగా కనిపిస్తుంది. అంతే."

"తల్లి తిన్నదాని వల్ల కాదు కదా?" అన్నాను.

"కాదు."

"దొంగిలించినదాని వల్ల?"

డాక్టరమ్మ నన్నూ అత్తనూ మార్చి మార్చి చూసింది. ఆవిడా ఈ దేశంలోనే పుట్టింది, అర్థమైపోయింది. "కాదమ్మా. తల్లి బ్యాంకు దోచుకొచ్చినా రాదు" అంది.

నేను గెలిచాను. ఆ క్షణంలో నాకు ఇంకేదీ వినిపించలేదు. కానీ అత్త కర్ర మీద వంగి ఒక ప్రశ్న అడిగింది. "మరి ఎర్రది ఎర్రదాన్ని పిలవదా తల్లీ? ఎర్రగుడ్డ కట్టినా, ఎర్రది తగిలించినా, అది ఇంకా ఎర్రబడదా?"

"పిలవదు బామ్మగారూ. దేనికీ సంబంధం లేదు."

అత్త తల ఊపింది. బస్సులో నేను పొడుస్తూనే ఉన్నాను. "విన్నావా అత్తా?" "విన్నాను." "ఇంకోసారి చెప్పనా?" "నాకు చెవుడు లేదు." కిటికీలోంచి మంచు కరుగుతున్న పొలాలు చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున జోరా మణికట్టుకు తెల్లదారం లేదు. ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం ఉంది. ఓడిపోయానని ఒప్పుకోవడం అనుకున్నాను. నోటితో ఒప్పుకుంటే బాగుండేది కదా అని కూడా అనుకున్నాను.

ఏప్రిల్ వచ్చింది. కొండవాలంతా చెర్రీ పూత. మగవాళ్ళు చెట్లకు మందు చల్లుతున్నారు, తేనెటీగల పెట్టెలు దించుతున్నారు. జోరా మాత్రం పెద్ద అంచు టోపీ పెట్టుకుని గది నుంచి బడికి, బడి నుంచి గదికి. నేను ఎర్రటి పట్టుగుడ్డ తెచ్చి బాల్ గౌను కుడుతున్నాను. ఎరుపే కావాలంది. మెడ కిందికి, వెనుక బొత్తాలు. "ఎరుపా?" అని అత్త అడుగుతుందని, అడిగితే ఏమనాలో తయారుగా పెట్టుకున్నాను. అడగలేదు. గుడ్డను వేళ్ళతో తడిమి, "మంచి గుడ్డ" అంది. మాటలు తయారు చేసుకున్న మనిషికి అలాంటి జవాబు ఎంత చిరాకో మీకు తెలియాలి.

మూడోసారి ఈస్టర్‌కు ముందొచ్చే సోమవారం నాడు చేశారు. దవడ దగ్గర మచ్చ మొండికేసింది. అక్కడ కాస్త గట్టిగా కొడతానంది డాక్టరమ్మ. "బొబ్బలు లేవొచ్చు. చిదిమితే మాత్రం గుంట పడుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే బాల్ నాటికి ఈ పిల్లను మీరే గుర్తుపట్టరు" అంది. ఇంట్లో అందరికీ మళ్ళీ చెప్పాను, అత్తకు రెండుసార్లు. ముట్టుకోవద్దు, రుద్దొద్దు. అత్త రెండుసార్లూ "సరే" అంది.

గురువారం తెల్లవారుతుండగా వెనిగర్ వాసనకు మెలకువ వచ్చింది. గుడ్లకు రంగు వేస్తోందనుకుని అటు తిరిగి పడుకున్నాను. అప్పుడు జోరా అరిచింది.

పరిగెత్తాను. జోరా మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ మొహానికి దూరంగా పట్టుకుని ఉంది. ముట్టుకోకూడదని తనకు నిద్రలో కూడా గుర్తుంది. దవడ దగ్గర బొబ్బలు చితికిపోయి, వాటి మీదుగా ఎర్రరంగు కారి దిండు మీద పడుతోంది. మంచం పక్కన అత్త నిలబడి ఉంది. చేతిలో గుడ్డు పొగలు కక్కుతోంది.

చల్లటి నీళ్ళు తెచ్చాను, గుడ్డ తెచ్చాను, ఏం తెచ్చానో నాకే తెలియదు. తెస్తూనే అరిచాను. "పద్దెనిమిదేళ్ళు ముట్టుకోలేదు నువ్వు దాని చెంప! పద్దెనిమిదేళ్ళు! ఇవాళే ముట్టుకోవాలా? రుద్దొద్దని చెప్పానా లేదా?"

"అది రుద్దడం కాదే" అంది అత్త. "అది మొదటి గుడ్డు."

"మొదటి గుడ్డైతే?"

"డాక్టరమ్మ చెప్పింది కదా, ఎర్రది ఎర్రదాన్ని పిలవదని. అంతకు ముందు తెలియదు నాకు. గుడ్డు తగిలితే ఇంకా ఎరుపెక్కుతుందేమోనని, దారం కడితే ఎక్కుతుందేమోనని... ప్రతి ఏడూ చెయ్యి అక్కడిదాకా పోయేది, లాక్కునేదాన్ని. ఇన్నేళ్ళూ సగం మొహానికే దీవెన పెట్టాను. ఈ ఒక్క ఏడన్నా పూర్తిగా పెడదామని."

నేను తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ డాక్టరు దగ్గరకు ఆవిడను బలవంతంగా తీసుకుపోయింది నేనే.

"అమ్మా, మండుతోంది, చల్లటి గుడ్డ ఇటివ్వు" అంది జోరా.

పుండు చీము పట్టింది. పూతమందు, మాత్రలు. డాక్టరమ్మ కోప్పడలేదు, అది మరీ బాధగా ఉంది. "గుంట మచ్చ పడుతుంది, పప్పుగింజంత. దానికి ఆ రెండో లేజరు ఉంది. కానీ ఇప్పుడు కాదు. ఈ ఎండాకాలం పోనివ్వండి, ఆకులు రాలాక రండి" అంది. మే నెలాఖరు దాకా అక్కడ ఏదీ పూయడానికి లేదు, కప్పడానికి లేదు.

ఆ ఈస్టర్‌కు మా ఇంట్లో ఎవరూ ఎప్పటిలా పందెం కట్టి గుడ్లు ఢీకొట్టుకోలేదు. మొదటి గుడ్డు దేవుడి పటం దగ్గర ఏడాదంతా ఉండాలి. అత్త దాన్ని తీసుకుపోయి పెరట్లో పాతిపెట్టింది. నాతో మాట్లాడటం మానేసింది, బల్ల దగ్గర కూర్చుని తినడం మానేసింది, పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెతుకులు కెలికేది. నాకు జాలి వేసేది, ఆ జాలి మీద కోపం వచ్చేది. మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయేది. గౌను బొత్తాలు రెండుసార్లు విప్పి కుట్టాను.

ఒక సాయంత్రం జోరానే గిన్నె లాక్కుని బల్ల మీద పెట్టింది. "నాయనమ్మా, వచ్చి తిను. నా చెంప కంటే నీ మొహమే ఘోరంగా ఉంది" అంది. అత్త వచ్చి కూర్చుంది. ఏడుస్తూనే తింది.

"జుట్టు సంగతి ఏం చేస్తావే?" అని నేను తర్వాత అడిగాను.

"వదిలేసుకుంటానులే అమ్మా. అలవాటే కదా" అంది. మామూలుగా అంది. ఆ మామూలుతనానికే నా గుండె తరుక్కుపోయింది.

బాల్ రోజు వచ్చింది. అసెన్ జర్మనీ నుంచి లారీతో సహా వచ్చి వాకిట్లో బల్లలు వేశాడు. డోలువాడు, సన్నాయివాడు గేటు దగ్గర మొదలుపెట్టేశారు. సగం ఊరు వచ్చింది. వాళ్ళు తినడానికి వచ్చారో చూడ్డానికి వచ్చారో నాకు బాగా తెలుసు. అత్త నల్లబట్టలు మార్చి తలకు కొత్త పూల రుమాలు కట్టుకుంది. సాగనంపడానికి తనే చేసిన రొట్టె చేతుల్లో పట్టుకుని మెట్ల కింద నిలబడింది. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. జోరా గది తలుపు వేసుకుని ఉంది.

తలుపు తెరుచుకుంది. ఎర్రగౌను. జుట్టు మొత్తం పైకి చుట్టి ముడేసింది. కణత దగ్గర మామూలు చర్మం, దాని మీద ఆ పుట్టుమచ్చ. చెంప మీద లేత గులాబీరంగు. కింద దవడ దగ్గర, సగం మానిన పుండు, ముదురుగా, అందరికీ కనపడేలా. మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. గాలి వచ్చే దిక్కు చూసుకోలేదు.

సన్నాయివాడు కూడా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఖాళీలో ఎదురింటి ల్యుబా గొంతు వినిపించింది. "అయ్యయ్యో, ఆ దవడకేమైందే? లేజరు కాల్చేసిందా ఏమిటి? ఎవరు చేశారీ పని?"

అందరూ నా వైపు చూశారు. నేను అత్త వైపు చూశాను. కళ్ళు నేల మీద ఉన్నాయి. బిడ్డ మొహం మీద నిజంగా మచ్చ వేసిన చెయ్యి ఎవరిదో ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట ఊరంతా ముసలమ్మ పోయాక కూడా చెప్పుకుంటుంది. పద్దెనిమిదేళ్ళు నేను ఎదురుచూసింది అలాంటి రోజు కోసమే. నోరు తెరిచాను కూడా.

"ఏముంది ల్యుబా" అన్నాను. "మళ్ళీ చెర్రీలు దొంగిలించాను."

నవ్వులు లేచాయి. ల్యుబా అందరికంటే గట్టిగా నవ్వింది. "చెప్పానా, ఎప్పటికైనా ఒప్పుకుంటుందని!"

"నోరు ముయ్యి" అంది అత్త.

రొట్టె నా చేతిలో పెట్టింది, ల్యుబా వైపు తిరిగింది. "పుండు చేసింది నేను. గుడ్డుతో రుద్దాను, వద్దంటే వినకుండా. ఇకపోతే ఆ చెర్రీలు. అది దొంగిలించలేదు. ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదు. గెరాసిమ్ తనే కొమ్మ వంచి దీని దోసిట్లో పోశాడు. నేను పెరటి తలుపు దగ్గర నిలబడి చూశాను."

డోలువాడు ఏం చేయాలో తెలియక ఒక దెబ్బ కొట్టాడు. జోరా మెట్లు దిగి వచ్చి నా చేతిలో రొట్టె లోంచి ఒక ముక్క తుంచి నాయనమ్మ నోట్లో పెట్టింది, ఒకటి నా నోట్లో పెట్టింది. అప్పటికి పిల్లల కార్లు హారన్లు మోగిస్తూ వచ్చేశాయి. కిటికీల్లోంచి సగం బయటికి వేలాడుతూ, పన్నెండు తరగతులు ముగించినవాళ్ళ కేక, ఒకటి, రెండు, మూడు అంటూ పన్నెండు దాకా, మళ్ళీ మొదట్నుంచి. జోరా కూడా కారెక్కి కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది. వీధి మలుపు తిరిగేదాకా ఎడమ చెంపే మా వైపు ఉంది.

జనం వెళ్ళాక నేను బల్లల మీద పళ్ళేలు తీస్తున్నాను. అత్త కుర్చీలో కూర్చుని ఉంది. నాకు సంతోషంగా ఉండాలి కదా. లేదు. కోపంగా ఉంది.

"చూశావా? చూసి కూడానా? ఎందుకు అత్తా?"

అత్త బల్ల మీది రొట్టె ముక్కలు ఒకచోటికి ఊడ్చింది. "ఎవరో ఒకరి వల్ల రావాలి కదే. ఊరికే ఎలా వస్తుంది పసిబిడ్డకు? నా కొడుకు వల్ల అనలేను. మా వంశం వల్ల అని ఒప్పుకోలేను. నువ్వు కొత్తగా వచ్చినదానివి" అంది.

"నేను దీన్ని మరిచిపోలేను" అన్నాను.

"మరిచిపోకు" అంది. లేచింది, కర్ర తీసుకుని గోడ దగ్గరకు నడిచింది.

గెరాసిమ్ చెట్టు ఇంకా ఉంది. కొడుకులు ఎక్కడో పట్నంలో ఉంటారు, చెట్టు మీద చెయ్యి వేస్తే ఫోన్ చేసి మరీ తిడతారు. ఒక కొమ్మ మా గోడ మీదికి వాలి ఉంటుంది, తొలి కాయలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. అత్త కర్ర వంపుతో కొమ్మ కిందికి లాగింది. తెంపి తెంపి, తల మీంచి విప్పిన ఆ కొత్త పూల రుమాల్లో వేసుకుంది. తెచ్చి నా ముందు బల్ల మీద పోసింది.

"తిను" అంది.

నేను వాటి వైపు చూశాను.

"ఎవరి చెట్టువి?" అన్నాను.

"దొంగిలించాను" అంది అత్త.

ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ఇంకా పండలేదు, పుల్లగా ఉంది. అయినా తిన్నాను. అత్త ఎదురుగా కూర్చుంది, తనూ ఒకటి తీసుకుంది.